పిల్లల క్యాన్సర్‌కు డబ్బు సాయం: సీమ కుటుంబాలకు ఏ దారి ముందు, ఏ దారి తర్వాత

బోన్ మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష చేయించమని డాక్టరు చీటీ రాసిన సాయంత్రమే ఇంట్లో డబ్బు మాట మొదలవుతుంది. కొందరు ఆ రాత్రే చేనుకు బేరం పెడతారు. కొందరు బంగారం మూటగట్టుకుని వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతారు. ఇంకొందరు బిడ్డ ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేస్తారు. మూడూ తొందరపాటే. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వెళ్లే కుటుంబానికి అందే సాయాలు ఏడెనిమిది దాకా ఉన్నాయి. వాటిలో ఏది పెద్ద మొత్తమో చూసి దాని వెంటే పరుగెత్తితే దెబ్బ తింటారు. ఆ డబ్బు చికిత్సకు ముందు వస్తుందా, తర్వాత వస్తుందా? ఆసుపత్రి ఖాతాకు పోతుందా, మీ చేతికి వస్తుందా? ఒకటి తీసుకుంటే ఇంకొకటి చేజారుతుందా? ఈ మూడు ప్రశ్నలతో కొలిస్తేనే ఏది ముందో తేలుతుంది.

ఇంకో సంగతి కూడా ముందే డాక్టరును అడిగి రాసుకోండి: ఈ చికిత్స ఎన్ని నెలలు? పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, మనం బ్లడ్ క్యాన్సర్ అంటున్నది చాలావరకు ఇదే. దీనికి రెండు నుంచి మూడేళ్లు పడుతుంది. మొదటి నెల, నెలా పది రోజులు ఆసుపత్రిలోనో దాని పక్కనో ఉండాలి. తర్వాత ఆరు నుంచి ఎనిమిది నెలలు గట్టి కీమో, అంటే క్యాన్సర్ కణాలను చంపే మందులు. ఆపైన ఏడాదిన్నర, రెండేళ్లు ఇంటి దగ్గరే మాత్రలు, మధ్య మధ్య రక్తపరీక్షలు. కిడ్నీలో వచ్చే విల్మ్స్ గడ్డకో, హాడ్జ్‌కిన్ లింఫోమాకో చాలావరకు నెలల్లోనే అయిపోతుంది. మూడేళ్ల చికిత్సకు మూడు నెలల లెక్క వేసుకుని ఉన్నదంతా మొదటే ఖర్చు పెట్టేస్తే, పిల్లవాడు కోలుకుంటున్న రోజుల్లో బస్సు చార్జీకి కూడా మిగలదు.

ఇలా మధ్యలో ఆగిపోవడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారని, పేద దేశాలు చాలావాటిలో 30 శాతం కూడా దాటడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆలస్యంగా గుర్తించడం, మందులు దొరక్కపోవడంతో పాటు చికిత్స మధ్యలో మానేయడాన్నీ అందుకు కారణంగా చూపిస్తోంది. కాబట్టి సాయం ఎంచుకునేటప్పుడు ఆపరేషన్ ఖర్చొక్కటే చూడొద్దు. పద్దెనిమిదో నెలలో ఏది చేతికి అందుతుందో కూడా చూడండి.

మొదట తట్టాల్సిన తలుపు: వైద్యసేవ

ఇది రాష్ట్ర ప్రభుత్వ ఉచిత చికిత్స పథకం. పేరు మారినా జనం నోట్లో ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే. 2007 ఏప్రిల్‌లో దీన్ని మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. కుటుంబానికి ఏడాదికి ఇచ్చే పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు. క్యాన్సర్ కీమో, ఆపరేషన్, రేడియేషన్ దీని కిందికి వస్తాయి. మూడు ప్రశ్నలకూ దీని జవాబులు తేలికైనవి. డబ్బు ముందే వస్తుంది, నేరుగా ఆసుపత్రికి పోతుంది, మీరు కట్టి మళ్లీ రాబట్టుకునే పని లేదు. అందుకే మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక్కడ చాలామంది పొరపడేది అర్హత దగ్గర. 'మాకు రైస్ కార్డు లేదు, మాకు రాదు' అనుకుని ప్రైవేటులో నగదు కట్టేస్తారు. వైద్యసేవ కార్డుకు పెట్టిన హద్దు రైస్ కార్డు హద్దు కన్నా విశాలమైనది. 2019లో పెట్టిన నిబంధనల ప్రకారం ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉంటే చాలు. మాగాణి 12 ఎకరాల వరకు, మెట్ట అయితే 35 ఎకరాల వరకు ఉన్నా, సొంతానికి ఒక కారు ఉన్నా అర్హులే. పది పదిహేను ఎకరాల మెట్ట చేలో వేరుశనగ వేసుకునే కుటుంబం రైస్ కార్డు పోయిందని దీన్ని కూడా వదులుకోవడం తరచూ జరిగే నష్టం. సచివాలయంలో అడిగి కార్డు స్థితి చూపించుకోండి.

రెండో అడ్డంకి బిడ్డ పేరు. కార్డులో అమ్మానాన్నలు ఉంటారు, ఆ తర్వాత పుట్టిన పిల్ల పేరు ఎక్కించి ఉండరు. లేదా ఆధార్‌లో ఒక పేరు, జనన ధ్రువపత్రంలో ఇంకో పేరు ఉంటుంది. అయిదేళ్ల లోపు పిల్లల ఆధార్‌లో వేలిముద్రలు ఉండవు. అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లప్పుడు ఒకసారి వాటిని వేయించాలి. వేయించకపోతే మెషిన్ ముందు పని ఆగిపోతుంది. బోన్ మ్యారో రిపోర్టు రావడానికి పట్టే నాలుగైదు రోజుల్లో ఈ పని పూర్తి చేయించుకోవచ్చు. ఒకరు బిడ్డ దగ్గర ఉంటే ఇంకొకరు సచివాలయం, ఆధార్ కేంద్రం తిరగాలి.

ఆసుపత్రిలో మొదట కలవాల్సింది వైద్యమిత్రను, అంటే ఈ పథకం పనులు చూడటానికి అక్కడ ఉండే మనిషిని. రిపోర్టులు, కార్డు, ఆధార్, ఫోటో ఇస్తే ఆన్‌లైన్‌లో అప్రూవల్‌కు పంపిస్తారు. కీమోకు ఒక్కసారి అప్రూవల్ తెచ్చుకుంటే మొత్తానికి సరిపోదు. సైకిల్ సైకిల్‌కూ, అంటే కీమో విడత విడతకూ వేరుగా పంపాలి. అందుకే ప్రతి డిశ్చార్జ్ రోజున 'వచ్చే సైకిల్‌కు ఏ కాగితం కావాలి' అని అడిగి రండి. ప్యాకేజీలో పరీక్షలు, మందులు, పేషెంటు భోజనం, ఇంటికి పోవడానికి చార్జీ కలిసే ఉంటాయి. ఇది తెలియక వాటికీ చేతి డబ్బు పెట్టేవాళ్లే ఎక్కువ.

డబ్బు జారిపోయే చోట్లు రెండున్నాయి. ఒకటి, రోగం తేలకముందు చేసే పరీక్షలు. ఫ్లో సైటోమెట్రీ, జన్యు పరీక్షలు, పెట్ సీటీ లాంటివి అప్రూవల్ రాకముందే చేయించాల్సి వస్తుంది. వాటిని బయటి ల్యాబులో చేయించే ముందు, జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చేరితే లోపలే అవుతాయా అని అడగండి. రెండోది, 'ఈ మందు ప్యాకేజీలో లేదు, బయట కొనుక్కురండి' అనే మాట. నిజంగానే లేని మందు ఉండొచ్చు. అప్పుడు ఆ మందు పేరు, ఎందుకు కావాలో డాక్టరు లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఆ కాగితం మిగతా చోట్ల సాయానికి ఆధారమవుతుంది. రాసివ్వడానికి ఒప్పుకోకుండా నగదు అడిగితే వైద్యసేవ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ కూడా ఇవ్వొచ్చు.

ఉద్యోగుల సంగతి వేరు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లోనో, పెనుకొండ దగ్గర కార్ల పరిశ్రమలోనో పనిచేస్తూ నెల జీతం 21,000 లోపు ఉన్నవారు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కిందికి వస్తారు. అక్కడ వరుస తప్పకూడదు. ముందు డిస్పెన్సరీ, అక్కడి నుంచి రెఫరల్, తర్వాతే ఆసుపత్రి. రెఫరల్ లేకుండా చేరిపోయి తర్వాత కాగితం తెచ్చుకుందామంటే చాలా కష్టం. ఇక సొంతంగా ఆరోగ్య బీమా ఉన్నవారు ఆ పాలసీని ఏడాదేడాదీ ఆగకుండా కట్టుకుంటూ పోవాలి. రోగం బయటపడ్డాక కొత్త పాలసీ అమ్మజూపేవారి మాట వినకండి, ఈ చికిత్సకు అది ఉపయోగపడదు.

ఏ ఊరికి పోతే ఏ సాయం

ఆసుపత్రి ఎంపికా సాయం ఎంపికా విడివిడి నిర్ణయాలు కావు. ఊరు మారితే అందే పథకం కూడా మారుతుంది. చాలా కుటుంబాలకు ఇది రెండో ఆసుపత్రికి మారాక గానీ తెలియదు.

తిరుపతి కడప నుంచి సుమారు 140 కిలోమీటర్లు, రాష్ట్రం దాటనక్కరలేదు. తితిదే పెద్దాసుపత్రి స్విమ్స్ ఉంది. అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో ప్రారంభమైంది. తితిదే నడిపే ప్రాణదాన ట్రస్టు గుండె, కిడ్నీ, మెదడు, క్యాన్సర్ లాంటి ఖరీదైన జబ్బులున్న పేదలకు తితిదే ఆసుపత్రుల్లో సాయం చేయడానికే పెట్టింది. వైద్యసేవలో రాని ఖర్చు స్విమ్స్‌లో తగిలితే అక్కడి కార్యాలయంలో ఈ ట్రస్టు పేరు చెప్పి అడగండి. రాష్ట్రం లోపలే కాబట్టి తల్లికి ఇంకో లాభం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం. ఆధార్ చూపిస్తే చాలు. రాష్ట్రం దాటే బస్సుల్లో ఇది చెల్లదు.

కర్నూలు నుంచి హైదరాబాద్ దాదాపు 215 కిలోమీటర్లు, అనంతపురం నుంచి బెంగళూరు కూడా అంతే, రెండూ 44వ జాతీయ రహదారి మీదే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, బెంగళూరులో కిద్వాయి, చెన్నైలో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. ఈ మూడూ కేంద్ర ప్రభుత్వం గుర్తించిన ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాలు. ఈ గుర్తింపు ఎందుకు ముఖ్యమో కిందే చెప్తాం. అయితే ఒక జాగ్రత్త. ఎంఎన్‌జేలో తెలంగాణ కార్డుకు దొరికేది, కిద్వాయిలో కర్ణాటక కార్డుకు దొరికేది మన కార్డుకు దొరకదు. బెంగళూరులో బీదవాళ్లకు అంతా ఉచితమని పక్క ఊరివాళ్లు చెప్పారంటే, ఆ చెప్పినవాళ్లు పావగడ వాళ్లో బళ్లారి వాళ్లో అయ్యుండొచ్చు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో కొన్ని ఆసుపత్రులను మన వైద్యసేవ జాబితాలోనూ చేర్చారు. అన్ని చికిత్సలకూ కాదు. మీరు పోదలచిన ఆసుపత్రి, మీ బిడ్డ జబ్బు, రెండూ చెప్పి 104లో కనుక్కున్నాకే బస్సెక్కండి.

అనంతపురం వైపు ఇంకో అపోహ ఉంది. పుట్టపర్తిలో ఏ జబ్బుకైనా ఉచితమే అనుకుంటారు. 1991లో మొదలైన ఆ ఆసుపత్రి గుండె, కళ్లు, మూత్రపిండాల చికిత్సలకు పేరు తెచ్చుకుంది. బ్లడ్ క్యాన్సర్ కీమోకు అక్కడికి పోతే రోజులు వృథా అవుతాయి. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆసుపత్రిలో మాత్రం న్యూరో సర్జరీ విభాగం ఉంది, ఆపరేషన్లకు డబ్బు తీసుకోరు. మెదడులో గడ్డ ఉన్న పిల్లలకు ఇది నిజంగా పెద్ద సాయం. ఆపరేషన్ తర్వాత రేడియేషన్, కీమో అవసరమైతే ఎక్కడ చేయించాలో అక్కడే రాయించుకుని రండి. ఆ రెండో భాగానికి వైద్యసేవను దాచుకోవచ్చు.

వేలూరు సీఎంసీకి పోవాలని కడప, రాయచోటి వైపు వాళ్లకు బలంగా ఉంటుంది. మంచి ఆసుపత్రే. కానీ అది ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం కాదు కాబట్టి కేంద్ర ఆరోగ్య మంత్రి నిధి (దీని సంగతి కింద ఉంది) అక్కడ అక్కరకు రాదు. అక్కడి సోషల్ వర్కర్ ద్వారా వచ్చే ట్రస్టుల సాయం, ప్రధాని సహాయ నిధి, సీఎం నిధి మీద ఆధారపడాలి. అదే చికిత్స తిరుపతిలో నగదు లేకుండా దొరుకుతున్నప్పుడు వేలూరుకు పోవడం వల్ల బిడ్డకు కొత్తగా ఏం ఒరుగుతుందో డాక్టరును సూటిగా అడగండి. బ్లడ్ క్యాన్సర్ తొలి చికిత్స ఎక్కడైనా దాదాపు ఒకే పద్ధతిలో సాగుతుంది. అరుదైన గడ్డలకు, తిరగబెట్టిన జబ్బుకు, ఎముక మజ్జ మార్పిడికి మాత్రం పెద్ద ఊరు అవసరం పడుతుంది. రెండో అభిప్రాయం కోసం ఒక్కసారి పోయి రావడం వేరు, మూడేళ్లు అక్కడే ఉండడం వేరు.

వైద్యసేవ సరిపోనప్పుడు: మూడు నిధులు, మూడు స్వభావాలు

కేంద్ర ఆరోగ్య శాఖ కింద రాష్ట్రీయ ఆరోగ్య నిధి ఉంది. అందులో భాగమే ఆరోగ్య మంత్రి క్యాన్సర్ పేషెంట్ల నిధి, 2009లో పెట్టారు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి, ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రంలో చికిత్స పొందేవారికి మాత్రమే ఇస్తారు. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వర్తించదు. దరఖాస్తు ఢిల్లీకి మోసుకుపోనక్కరలేదు, ఆసుపత్రిలోనే మొదలవుతుంది. చికిత్స చేస్తున్న డాక్టరు సంతకం, ఆపైన సూపరింటెండెంట్ సంతకం, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు నకలు కావాలి. ఇప్పటికే కట్టిన బిల్లులకు ఇందులో ఒక్క రూపాయి రాదు. కాబట్టి చేరిన మొదటి వారంలోనే అడగాలి.

ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి కూడా ముందు వచ్చేదే, ఆసుపత్రికే పోయేదే. ప్రభుత్వ ఆసుపత్రులతో పాటు దాని జాబితాలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రులకూ ఇస్తారు. పైన చెప్పిన నిధి చెల్లని చోట కూడా ఇది చెల్లవచ్చు, దీని విలువ అక్కడే. కావలసినవి: దరఖాస్తు, బిడ్డ పాస్‌పోర్టు సైజు ఫోటోలు, నివాస ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, జబ్బు పేరూ అయ్యే ఖర్చూ రాసి ఆసుపత్రి ఇచ్చిన అసలు సర్టిఫికెట్. మీ ఎంపీ కార్యాలయం నుంచి సిఫారసు లేఖ జతచేస్తే మంచిది. కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం, కడప, రాజంపేట వీటిలో మీ నియోజకవర్గం ఏదో సరిచూసుకోండి, జిల్లా పేరును బట్టి అనుకోవద్దు. మొత్తం ఖర్చు ఇవ్వరు, అందులో కొంత భాగమే. ఇదీ పాత బిల్లులకు చెల్లదు. మంజూరుకు వారాలు పడతాయి కాబట్టి దీనికోసం కీమో ఆపుకోవడం ఘోరమైన తప్పు. దరఖాస్తు దారిన దరఖాస్తు పోతుంది, చికిత్స దారిన చికిత్స సాగాలి.

ముఖ్యమంత్రి సహాయ నిధికి రెండు ముఖాలున్నాయి. చాలామందికి ఒకటే తెలుసు. తెలిసినది, కట్టిన బిల్లులు పెట్టుకుని తర్వాత కొంత రాబట్టుకోవడం. తెలియనిది ఎల్‌ఓసీ. ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రి ఎస్టిమేషన్ లెటర్ పెట్టి అడిగితే, ఇంత మొత్తం వరకు ప్రభుత్వం ఇస్తుందని ఆసుపత్రికి లేఖ ఇస్తారు. పెద్ద ఆపరేషన్ తేదీ ముందే తెలిసిన కుటుంబానికి ఎల్‌ఓసీయే మేలు, ఎందుకంటే అప్పు చేయనక్కరలేదు. ఆదివారం రాత్రి అత్యవసరంగా చేర్చినవారికి బిల్లుల దారి తప్పదు. రెండూ ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా నడుస్తాయి.

బిల్లుల దారిలో దరఖాస్తులు వెనక్కి రావడానికి కారణాలు ఎప్పుడూ దాదాపు అవే. నకళ్లు పెడతారు, అసలు బిల్లులు ఉండవు. బిల్లు మీద ఆసుపత్రి ముద్ర ఉండదు. డిశ్చార్జ్ సమ్మరీలో బిడ్డ పేరు ఇంటిపేరు లేకుండా ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరుతో ఉంటుంది. బ్యాంకు ఖాతా తాత పేరు మీద ఇస్తారు. అసలు బిల్లులు ఇచ్చేముందు మొత్తం కట్టకు రెండు జతల నకళ్లు తీసి పెట్టుకోండి, ఒకసారి ఇచ్చాక అవి మళ్లీ చేతికి రావు. చెక్కు రూపంలో వస్తే మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. బిడ్డతో ఆసుపత్రిలో ఉండిపోయి గడువు దాటించుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. ఈ నిధికి ఎవరికీ కమిషన్ కట్టనక్కరలేదు. 'పదిశాతం ఇస్తే శాంక్షన్ చేయిస్తా' అనేవాడు ఎంత తెలిసినవాడైనా దూరం పెట్టండి.

వైద్యసేవ కింద ఉచితంగా అయిన చికిత్సకు మళ్లీ సీఎం నిధి అడగలేరు. ఒకే బిల్లును రెండు చోట్ల పెట్టడం కూడా కుదరదు. మూడు చోట్లా దరఖాస్తు చేయడంలో తప్పు లేదు, దాచిపెట్టడమే తప్పు. ఒకచోట మంజూరైతే మిగతా వారికి ఆ మొత్తం చెప్పి, మిగిలిన దానికి అడగండి.

ట్రస్టులు: దరఖాస్తు కన్నా సోషల్ వర్కర్ ముఖ్యం

1951లో ఏర్పడిన ఇండియన్ క్యాన్సర్ సొసైటీకి క్యాన్సర్ క్యూర్ ఫండ్ ఉంది. నయమయ్యే అవకాశం బాగా ఉన్న, ఆదాయం తక్కువ ఉన్న పేషెంట్లకు తమ జాబితాలోని ఆసుపత్రుల్లో ఇస్తారు. పిల్లల క్యాన్సర్లు చాలావరకు ఆ కొలతకు తూగుతాయి. పిల్లల కోసమే పనిచేసే క్యాన్‌కిడ్స్ సంస్థ చాలా ఆసుపత్రుల్లో తమ మనుషులనే ఉంచి మందులు, పరీక్షలకు సాయపడుతుంది. ఇలాంటి చోట్ల ఇంటి నుంచి ఉత్తరం రాస్తే పని జరగదు. ఆసుపత్రి సోషల్ వర్కర్ మీ కుటుంబం సంగతి కనుక్కుని పంపితేనే కదులుతుంది. అందుకే ఆవిడకు ఆదాయం, అప్పులు, భూమి ఉన్నదున్నట్టు చెప్పండి. రెండెకరాలు దాచిపెట్టి తర్వాత బయటపడితే ఆ సంస్థే కాదు, మిగతావారూ వెనకాడతారు.

ట్రస్టుల సాయంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది డబ్బు కాదు, గది. రోజుకు 500 అద్దె అనుకున్నా నెలకు 15,000, ఎనిమిది నెలలకు లక్షా ఇరవై వేలు. వైద్యసేవ ఇందులో ఏదీ ఇవ్వదు. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు 2006లో ముంబయిలో మొదలయ్యాయి, హైదరాబాద్, చెన్నైల్లోనూ ఉన్నాయి. చికిత్స కోసం ఊరు వదిలి వచ్చిన పిల్లలకు, తల్లిదండ్రులకు ఉచితంగా గది, వంట చేసుకునే చోటు, సరుకులు, ఆసుపత్రికి పోయి రావడానికి బండి ఇస్తారు. శుభ్రత విషయంలో గట్టిగా ఉంటారు. కీమో పిల్లలకు అదే ప్రాణం. తెల్లకణాలు పడిపోయిన బిడ్డను ఇరుకు లాడ్జిలో పదిమంది మధ్య ఉంచితే ఇన్‌ఫెక్షన్ ఖర్చు అద్దె ఖర్చును మించిపోతుంది. దీనికీ ఆసుపత్రి నుంచే పంపాలి, గదులు ఎప్పుడూ నిండి ఉంటాయి. చేరిన రోజే పేరు రాయించండి. రెండు ఊళ్లలో ఒకే రకం చికిత్స, ఒకే రకం పథకం దొరికితే, ఉచిత గది దొరికే ఊరే ఎంచుకోవడం తెలివైన పని.

రైలు

క్యాన్సర్ పేషెంటుకు స్లీపర్, థర్డ్ ఏసీల్లో చార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. సెకండ్ క్లాసులోనూ ఏసీ చైర్ కార్‌లోనూ ఇద్దరికీ 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత నమూనా సర్టిఫికెట్ కావాలి. టికెట్ స్టేషన్ కౌంటర్‌లోనే తీసుకోవాలి, ఫోన్లో కుదరదు. అనంతపురం నుంచి బెంగళూరుకు, కడప నుంచి చెన్నైకి, కర్నూలు సిటీ నుంచి హైదరాబాద్‌కు రైలుంది కాబట్టి మూడేళ్లలో ఇది చిన్న మొత్తం కాదు. అమ్మా నాన్నా ఇద్దరూ పోతే ఒకరికే రాయితీ.

క్రౌడ్ ఫండింగ్, అప్పు

ఆన్‌లైన్ చందాలు అడగడం తప్పు కాదు, కానీ దానికి సమయముంది. వైద్యసేవలో మొత్తం వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కు మొదటి వారమే అడిగేస్తే, రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టి మజ్జ మార్పిడికి లక్షలు కావలసినప్పుడు అదే జనం దగ్గరికి మళ్లీ పోవడం కష్టం. ఏ పథకంలోనూ ఇమడని పెద్ద ఖర్చుకు దాన్ని దాచుకోండి. పెట్టేముందు ఫీజు ఎంత పట్టుకుంటారు, ప్రచారానికి వేరే కోత ఉందా, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, నేరుగా ఆసుపత్రికి పంపుతారా అని రాతలో అడగండి. బిడ్డ ముఖం, ఊరు, బడి పేరు ఒకసారి బయటికి పోయాక వెనక్కి రావు. రేపు బాగై బడికి పోయే పిల్ల అది.

అప్పు తప్పదనుకుంటే ఈ లెక్క వేసుకోండి. మూడు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 6,000, ఏడాదికి 72,000 వడ్డీకే పోతుంది. అదే బంగారం బ్యాంకులో పెడితే దాదాపు సగం వడ్డీ. భూమి అమ్మడం అన్నిటికన్నా చివర, అదీ తొందరలో సగం ధరకు కాదు.

ఎముక క్యాన్సర్‌తో కాలు తీసేయాల్సి వచ్చిన పిల్లలకు సదరం క్యాంపులో 40 శాతం పైన వైకల్యం తేలితే దివ్యాంగుల పింఛను వస్తుంది, 2024 నుంచి నెలకు 6,000. పన్ను కట్టేవారు పాత విధానంలో ఉంటే క్యాన్సర్ చికిత్స ఖర్చుకు 40,000 వరకు మినహాయింపు ఉంది, స్పెషలిస్టు డాక్టరు రాసిన ప్రిస్క్రిప్షన్ తీసుకోవాలి.

ఇక ఇంట్లో ఎప్పుడూ ముట్టుకోకుండా ఉంచాల్సిన డబ్బు ఒకటుంది. కీమో మధ్యలో బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు దాటిందంటే అది గంటల్లో ఆసుపత్రికి చేర్చాల్సిన పరిస్థితి, తెల్లారేదాకా ఆగకూడదు. చేతిలో చార్జీల్లేక, 'మాత్ర వేసి చూద్దాం' అనుకున్న రాత్రుల్లోనే పిల్లలు చేజారిపోతారు. అయిదు వేలు ఒక కవరులో పెట్టి, దానితో పాటు థర్మామీటరు, చివరి డిశ్చార్జ్ సమ్మరీ, వైద్యసేవ కార్డు నకలు, డాక్టరు ఇచ్చిన అత్యవసర ఫోన్ నంబరు ఉంచండి. 108కు ఫోన్ చేసి దగ్గరలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని, కీమో నడుస్తోందని మొదటి మాటగా చెప్పండి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిల్వ ఉండవు, అప్పటికప్పుడు దాతలు కావలసి వస్తారు. బిడ్డ గ్రూపుకు సరిపోయే నలుగురు బంధువుల పేర్లు, నంబర్లు రాసి ఆ కవరులోనే పెట్టండి. వాడిన డబ్బు మళ్లీ వచ్చిన వారంలోనే ఆ కవరు నింపండి.